పెంకుటింటి అటకను పడకగదిగా మార్చడం: స్తంభం, దూలాలు, ఎండ, మెట్లు

మీ ప్రశ్న చదవని వాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. అమలాపురం దగ్గర మీ తాతగారు కట్టించిన పెంకుటిల్లు. నడిమి హాలు మీద 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున చెక్క అటక. అటక నేల నుంచి కొప్పు (కప్పు రెండు వాలులూ కలిసే పై అంచు) దాకా ఎనిమిదిన్నర అడుగులు, రెండు పక్కలా గోడల దగ్గర మూడడుగులు. అబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి పైన అతనికి ఏసీ, బాత్రూమ్ ఉన్న పడకగది కావాలి. పాత పలకల మీద ప్లైవుడ్ పరిచి, వాసాలకు కింద నుంచి జిప్సం సీలింగ్ కొట్టి, ఏసీ బిగిస్తే నెల రోజుల్లో అయిపోతుందని వడ్రంగి చెప్పాడు. అటక నడుమ అడ్డొస్తున్న పొట్టి స్తంభం తీసేయవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

నేను గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళ మరమ్మతులు చేయించే సివిల్ ఇంజనీర్ని. ముందు జవాబులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. స్తంభం తీయొద్దు. బాత్రూమ్ పైన వద్దు. గది చేసుకోవచ్చు. అయితే ముందు దూలాలు గట్టి చేయాలి, ఆ తర్వాత పని పెంకుల దగ్గర మొదలై కిందికి రావాలి. మీ వడ్రంగి చెప్పింది దానికి సరిగ్గా తిరగేసిన వరస. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఆ వరసలోనే.

స్తంభం సంగతి చూద్దాం. మీరు పెట్టిన ఫొటోల్లో అటక కింద మూడు దూలాలున్నాయి, అయిదేసి అడుగుల ఎడంలో. నడిమి దూలం మీద సరిగ్గా మధ్యలో ఆ స్తంభం నిలబడి కొప్పు దూలాన్ని మోస్తోంది. కొప్పు దూలం రెండు కొసలూ చివరి గోడల మీద, నడుము ఈ స్తంభం మీద ఆనాయి. వాసాల పై కొసలన్నీ కొప్పు దూలం మీదికే వస్తాయి. అంటే కప్పు బరువులో సగం పక్క గోడలకు పోతే, మిగతా సగం కొప్పు దూలానికి వస్తుంది. అందులో దాదాపు సగం ఈ ఒక్క స్తంభం గుండా దిగుతుంది. మంగుళూరు పెంకులు, రీపర్లు (పెంకులు ఆనే సన్నటి అడ్డ కర్రలు), వాసాలు అన్నీ కలిపి చదరపు మీటరుకు 80 కిలోలు వేసుకుంటే, మీ స్తంభం మోసేది ఏడు వందల కిలోలకు తక్కువ ఉండదు. దాన్ని తీసేస్తే కొప్పు దూలం పది పదడుగుల రెండు ముక్కలుగా కాక ఇరవై అడుగులూ ఒక్కటిగా మోయాలి. ఆ రోజే కూలకపోవచ్చు. ఒకటి రెండు వానాకాలాల్లో కొప్పు నడుము దిగి, పెంకుల పొందికలు విడిపోయి, కురవడం మొదలవుతుంది. తీసి తీరాలంటే కొప్పు కింద ఆ చివరి నుంచి ఈ చివరికి ఇనుప బీమ్ వేయాలి, దాని కోసం రెండు చివరి గోడల్నీ గట్టి చేయాలి. అంత ఖర్చు దేనికి? స్తంభానికి ఆనించి పుస్తకాల అల్మారా కట్టించండి, గదిని పడకకూ పని బల్లకూ రెండుగా విడదీస్తుంది.

ఇక దూలాలు. "ధాన్యం బస్తాలు మోసిన అటక, ఒక మంచం మోయదా?" అని అందరూ అడుగుతారు. బస్తాలు గోడ వారనే పేర్చేవాళ్ళు, అవి నడిచేవి కావు. మనిషి నడుస్తాడు, అదీ గది మధ్యలో. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇళ్ళలో గదులకు చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కలోకి తీసుకోవాలి. దానికి నేల సొంత బరువు కలుపుకొని మీ 6×8 అంగుళాల టేకు దూలానికి లెక్కేశాను. పక్క దూలాలు రెండూ విరగవు, బలం సరిపోతుంది. కానీ నిండు బరువు మీద అంగుళంపావు దాకా వంగుతాయి. 16 అడుగుల పొడవుకు అరంగుళం దాటకూడదన్నది మామూలు లెక్క. అంటే నడిచినప్పుడల్లా నేల ఊగుతుంది, అల్మారా తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, హాల్లో కూర్చున్న వాళ్ళ నెత్తిన దుమ్ము రాలుతుంది.

నడిమి దూలం మాట వేరు. దానికి ఈ నేల బరువుతో పాటు ఆ ఏడు వందల కిలోలు సరిగ్గా నడుమ మీద పడుతున్నాయి. రెండూ కలిపితే టేకుకు అనుమతించే ఒత్తిడి దాటిపోతోంది. ఇన్నేళ్ళూ ఆగిందంటే పైన మనుషులు తిరగలేదు కాబట్టి ఆగింది. రేపే ఒక పని చేయండి. ఆ దూలం పక్కనే, రెండు కొసల దగ్గరా దాని అడుగు అంచుకు సమంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు దారం బిగువుగా లాగి పట్టండి. దూలం నడుము దారం కంటే ఎంత కిందికి దిగిందో స్కేలుతో కొలిచి ఇక్కడ రాయండి. అరంగుళం దాటి ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడాలి.

సరిచేసే పద్ధతి ఉంది. నడిమి దూలానికి రెండు వైపులా 150 మిల్లీమీటర్ల ఇనుప ఛానెల్ ('సి' ఆకారపు బీమ్) ఒక్కోటి ఆనించి, దూలం మందంలోంచి 16 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించాలి. దాంతో ఆ దూలం వంగకుండా నిలిచే గట్టిదనం నాలుగు రెట్లు దాటుతుంది. బిగించే ముందు అడుగున జాకీలు పెట్టి దిగిన నడుమును మెల్లగా లేపాలి. రోజుకు కాస్తంత చొప్పున, అదీ దిగినంతా కాదు, అందులో సగం చాలు. ఒక్కసారి లేపితే పైన కొప్పు పెంకులు పగులుతాయి. ఛానెళ్ళ కొసలు గోడలోకి కనీసం ఆరంగుళాలు పోవాలి, కింద కాంక్రీటు దిమ్మె ఉండాలి. ఉత్త ఇటుక మీద ఆనిస్తే ఇటుక నలిగిపోతుంది. ఇక దూలాల నడుమ ఖాళీల్లో నాలుగు కొత్త 150 మిల్లీమీటర్ల ఐ బీములు వేయండి. మీటరుకు దాదాపు 15 కిలోల బరువు కాబట్టి నలుగురు మనుషులు ఎత్తగలరు, క్రేన్ అక్కర్లేదు. ఇనుము కనిపించడం ఇష్టం లేకపోతే కింద నుంచి పలకలు కొట్టించుకోండి. హాలు మధ్యలో అడ్డుగోడో స్తంభమో రావడానికి మీకు అభ్యంతరం లేకపోతే ఇంతకంటే చవకైన దారి ఉంది. దాని ఆసరాతో దూలం పొడవు సగమైతే వంపు పదహారో వంతుకు పడిపోతుంది.

ఇదంతా టేకు అనుకుని రాశాను. మీ వైపు చాలా ఇళ్ళలో వాసాలు తాటివి, కొన్నింట్లో దూలాలు కూడా తాటివే. తాటి బలమంతా పైనున్న నల్లటి చేవలోనే, లోపలి బెండుకు సత్తా తక్కువ. అందంగా ఉంటుందని పై భాగం చిత్రిక పట్టిస్తే అసలు బలాన్నే చెక్కేసినట్టు. బోల్టు రంధ్రాలు కూడా దూలం ఎత్తుకు మధ్యలోనే వేయాలి, పై అంచుకో కింది అంచుకో దగ్గరగా కాదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ ఈ పనికి లెక్కపెట్టాల్సిందే. ఒక్కో వాసం, ఒక్కో దూలం కొస సుత్తితో తట్టి చూడండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, తినేసింది డొల్లగా పలుకుతుంది. దూలాలు పుచ్చేది నడుమ కాదు, గోడలో దూరిన కొసల దగ్గర. అక్కడ చెమ్మ ఆరదు, చెదలు కూడా గోడలోంచే ఎక్కుతాయి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే అరంగుళం సులువుగా దిగిందంటే ఆ కొస పనికిరాదు. అలాంటి చోట దూలం మొత్తం మార్చాలని కంగారు పడకండి. పాడైన కొస కోసేసి రెండు పక్కలా ఇనుప ప్లేట్లతో కొత్త ముక్క అతికించవచ్చు.

ఎత్తు దగ్గరే మీకు నచ్చని మాట చెప్పాలి. మన జాతీయ భవన నియమావళి ప్రకారం మనుషులుండే గదికి ఏటవాలు కప్పైతే సగటు ఎత్తు 2.75 మీటర్లు, చూరు దగ్గర కనీసం 2.4 మీటర్లు ఉండాలి. మీ అటక సగటు 1.75 మీటర్లు. అమెరికాలో అటక గదులు మామూలే కాబట్టి అక్కడి నియమావళి ఉదారంగా ఉంటుంది. గదికి కావాల్సిన కనీస వైశాల్యం 70 చదరపు అడుగులు, అందులో సగానికి ఏడడుగుల ఎత్తుంటే చాలు, అయిదడుగుల లోపు ఎత్తున్న చోటు లెక్కలోకి రాదు. ఆ లెక్కన మీ అటక పాసవుతుంది. ఏడడుగుల ఎత్తు దొరికే పట్టీ మీకు కొప్పు కింద నాలుగున్నర అడుగుల వెడల్పున, పొడవునా ఉంది. యూట్యూబ్‌లో మీరు చూసిన గదులన్నీ ఆ లెక్కవే. అయితే వాళ్ళు ఆ గదిలో వెచ్చదనం నిలవాలని చూస్తారు, మనకు వేడి దిగకూడదు. ఎండకు కాలిన పెంకు మొహానికి మూడడుగుల దూరంలో ఉండటం వేరు, ఆరడుగుల దూరంలో ఉండటం వేరు. సీలింగ్ ఫ్యాన్ కూడా పెట్టలేరు, చొక్కా విప్పుకుంటూ చేయెత్తితే రెక్కకు తగులుతుంది. గోడ ఫ్యాన్లే దిక్కు.

కాబట్టి మీకు రెండు దారులున్నాయి. కప్పు విప్పి, పక్క గోడల్ని అయిదడుగులకు పైగా లేపి, కాంక్రీటు పట్టీ పోసి మళ్ళీ కప్పు వేయడం ఒకటి. అప్పుడది అటక కాదు, నిజమైన పై అంతస్తు. దానికి ప్లాను గీయించాలి, పంచాయతీ అనుమతి తీసుకోవాలి, పునాది తవ్వి చూడాలి. గోడ సున్నంతో కట్టిందైతే ఆలోచించవచ్చు, మట్టితో కట్టిందైతే ఆ మాటే వద్దు. నన్నడిగితే, పెరట్లో చోటున్నప్పుడు ఆ డబ్బుతో విడిగా ఒక గది కట్టుకోవడం మేలంటాను. రెండో దారి, కప్పు ఎత్తు ఇలాగే ఉంచి, పొట్టి గదే అని ముందే ఒప్పుకుని, పడుకోవడానికీ పని చేసుకోవడానికీ వీలుగా చేసుకోవడం. అబ్బాయి ఆరడుగుల మనిషైతే ఈ దారి వద్దు. మామూలు ఎత్తైతే మంచాన్ని ఏటవాలు కిందికి, నడకను కొప్పు కిందికి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. మంచం మీద లేచి కూర్చుంటే తలకు అయిదడుగుల ఎత్తు చాలు. మిగతాదంతా ఈ రెండో దారి గురించే.

ఈ గది బతికేదీ చచ్చేదీ ఎండ దగ్గరే. నమ్మకం కుదరకపోతే రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి అబ్బాయిని లాప్‌టాప్‌తో అటకెక్కించి అరగంట కూర్చోమనండి. పెంకుటిల్లు కింద చల్లగా ఉండటానికి కారణం పెంకు కాదు, ఈ అటకే. పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతూ, ఈ ఖాళీ చోటు వేడిని తనలో ఆపుకుంటుంది. ఇప్పుడు మీరు ఆ ఖాళీ చోట్లోనే పడుకోబోతున్నారు. కాబట్టి అది చేసే పని ఇంకేదైనా చేయాలి.

వాసాల కింద నుంచి సీలింగ్ కొడితే మూడు నష్టాలు. అయిదంగుళాల ఎత్తు పోతుంది, ఏడడుగుల పట్టీ నాలుగున్నర నుంచి మూడడుగులకు చిక్కుతుంది. వాసాలూ రీపర్లూ కనబడకుండా పోతాయి, చెదలు పట్టినా కారినా సీలింగ్ ఊడి పడేదాకా తెలియదు. మూడోది ఏసీ సంగతి. కోనసీమ గాలిలో చెమ్మ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. పెంకుల సందుల్లోంచి వచ్చే ఆ చెమ్మ గాలి, ఏసీకి చల్లబడిన జిప్సం బోర్డు వెనక వైపు తగిలి నీరవుతుంది. బోర్డు వెనక నుంచి నాని, నల్లటి బూజు మచ్చలు ఇవతలికి తేలుతాయి. మండపేట వైపు ఒక ఇంట్లో ఇలాంటి సీలింగ్ చూశాను, ఇంటివాళ్ళు వాన కురుస్తోందని పెంకులు మార్పిస్తూనే ఉన్నారు. కురిసింది వాన కాదు. చలి దేశాల వీడియోల్లో చెమ్మను ఆపే షీటు గది లోపలి వైపు వేస్తారు, అక్కడ చెమ్మ లోపలి నుంచి బయటికి పోతుంది కాబట్టి. మన దగ్గర ఏసీ గదికి అది బయటి వైపు, పెంకుల దిక్కున ఉండాలి. ఈ ఒక్కటీ తిరగేస్తే మిగతా ఖర్చంతా వృథా.

పై నుంచి చేసే పద్ధతి ఇది. పెంకులు, రీపర్లు విప్పుతారు. వాసాలు తనిఖీ చేసి, పాడైనవి మార్చి, వాటి మీద పలకలు లేదా సిమెంట్ బోర్డు పరుస్తారు. కింద నుంచి వాసాలు అందంగా కనబడతాయి, ఎత్తూ పోదు. బోర్డు మీద వేడిని ఆపే రెండంగుళాల గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్లు, సందులకు టేపు, దాని మీద వెండి పూత ఉన్న వాటర్‌ప్రూఫ్ షీటు. ఆ షీటు చూరు దాకా వచ్చి బయటికి వేలాడాలి. పెంకు పగిలి నీళ్ళు దిగినా అక్కడి నుంచి జారిపోతాయి. షీటు మీద, వాసాల వరసలోనే నిలువుగా అంగుళంన్నర కర్రలు, వాటి మీద అడ్డంగా రీపర్లు, ఆ పైన పెంకులు. ఈ నిలువు కర్రలు దండగని మేస్త్రి అంటాడు, ఒప్పుకోవద్దు. వెండి షీటు వేడిని తిప్పికొట్టాలంటే దాని ముందు గాలి ఖాళీ ఉండాలి, పెంకుకు అంటుకుంటే అది మామూలు షీటే. ఆ ఖాళీలోకి చూరు దగ్గర గాలి దూరి, వేడెక్కి, కొప్పు దగ్గర బయటపడాలి. కాబట్టి చూరు దగ్గర మూసేయకుండా సన్నటి ఇనుప జాలీ కొట్టండి. లేదంటే ఎలకలు, గబ్బిలాలు, మీ వైపు మానుపిల్లులు కూడా కొత్త ఫోమ్‌లో కాపురం పెడతాయి. థర్మోకోల్ మాత్రం ఎవరు చవకని చెప్పినా వద్దు, తలమీద నిప్పును పెట్టుకున్నట్టే. ఎక్స్‌పీఎస్ కూడా మండేదే, అందుకే దానికీ గదికీ మధ్య ఆ బోర్డు తప్పనిసరి. ఇదంతా అయ్యాక ఏసీ పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

పెంకుల గురించి రెండు మాటలు. చదరపు మీటరుకు సుమారు 15 చొప్పున మీ కప్పుకు అయిదారు వందలు పడతాయి. దించేటప్పుడు కొన్ని పగలడం ఖాయం. ఒక కంపెనీ పెంకు గాడిలో ఇంకో కంపెనీ పెంకు కూర్చోదు. అందుకని పాతవాటిలో మంచివి ఏరి ఒక వాలుకు వేసి, రెండో వాలుకు మొత్తం కొత్తవి వేయించండి. కలిపి వేస్తే కురుస్తుంది. వెలుతురుకు గాజు పెంకులు పెట్టాలనుకుంటే ఉత్తరపు వాలులో మాత్రమే పెట్టండి, వాటి కింద బోర్డులోనూ ఫోమ్‌లోనూ అద్దం బిగించిన కంత వదలాలి.

గాలి. కోస్తా ఆంధ్ర గాలి వేగపు పటంలో సెకనుకు 50 మీటర్ల ప్రాంతం, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1996 నవంబరు తుఫాను మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పాత కప్పు ఉత్త బరువు మీద కూర్చుని ఉంటుంది. కింద మనిషి పడుకునే చోట అది చాలదు. చూరు వెంబడి మూడు వరసలు, చివరి గోడల అంచులు, కొప్పు పెంకులు స్క్రూలతోనో గట్టి జీఐ తీగతోనో రీపర్లకు బిగించాలి. ప్రతి వాసాన్నీ గోడ మీది కర్రకు ఇనుప పట్టీతో, ఆ కర్రను గోడలోకి బోల్టుతో కట్టాలి. పెంకులు విప్పినప్పుడు ఇది ఒక పూట పని, తర్వాత చేయలేరు.

మెట్లకు హాల్లోంచి దారి వెతకొద్దు. లెక్క చూడండి. హాలు నేల నుంచి అటక దాకా పదడుగుల ఎత్తనుకుంటే ఏడున్నర అంగుళాల మెట్లు పదహారు. అడుగు పెట్టే చోటు పదంగుళాలైతే పన్నెండున్నర అడుగుల పొడవు కావాలి. హాలు వెడల్పు వెంట వేస్తే పై మెట్టు కొప్పు దాటి అవతలి ఏటవాలు కిందికి పోతుంది, ఎక్కిన ప్రతిసారీ తలకు వాసం తగులుతుంది. పొడవు వెంట వేయాలంటే దూలం కోయాలి, ఆ ఆలోచన ఎవరు తెచ్చినా వద్దనండి. పెరటి వైపు, కొప్పు కింద ముక్కోణంగా లేచే గోడ మధ్యలో తలుపు పెట్టి బయటి నుంచి ఇనుప మెట్లు వేయించండి. ఎత్తు ఎక్కువున్న చోటే లోపలికి అడుగుపెడతారు, ఆరున్నర అడుగుల తలుపు హాయిగా పడుతుంది. కొప్పు దూలం కొస సరిగ్గా ఆ తలుపు మీదే ఆనుతుంది కాబట్టి పైన ఆరంగుళాల కాంక్రీటు లింటెల్ తప్పదు. పోసేటప్పుడు దూలానికి కింద నుంచి ఆసరా పెట్టాలి. ఎదుటి గోడలో అదే వరసలో కిటికీ పెడితే గాలి అడ్డం లేకుండా ఆడుతుంది. హాల్లోంచి పాత నిచ్చెన కంత మూసేయకండి, చెక్క గదికి రెండో దారి ఉండి తీరాలి.

బాత్రూమ్ ఎందుకు వద్దన్నానో ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఇసుక నింపి టైల్స్ వేస్తే ఆ మూల బరువు మిగతా నేలకు రెండు మూడు రెట్లవుతుంది. ఒక్క జాయింటు కారినా నీళ్ళు దూలం కొసల్లోకే పోతాయి. బయటి మెట్ల అడుగున నేల మీద కట్టుకోండి, రాత్రి వేళ పదహారు మెట్లు దిగడం తప్ప ఇబ్బంది లేదు.

కరెంటు: అటకలో పాత చెక్క పట్టీల వైరింగ్ ఉంటే పూర్తిగా పీకించేయండి. కొత్త వైర్లు పైపుల్లో రావాలి. గదికి లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ వేరేగా, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పొగ వస్తే మోగే అలారం ఒకటి పెట్టించండి. ఇన్వర్టర్ బ్యాటరీ కిందే ఉండాలి.

పని సంక్రాంతి దాటగానే మొదలుపెట్టండి. ఇనుము పని ముందు, కప్పు తర్వాత, ప్లైవుడ్ అన్నిటికన్నా చివర. ఏప్రిల్ నెలాఖరుకు పెంకులు తిరిగి ఎక్కేయాలి, మే నెల గాలివానలను నమ్మడానికి లేదు. కప్పు ఒకేసారి మొత్తం విప్పనివ్వకుండా ఒక వాలు పూర్తయ్యాకే రెండోది విప్పించండి. మొత్తం ఇంటిని కప్పేంత టార్పాలిన్ ముందే కొని దగ్గర పెట్టుకోండి. దారం కొలత, దూలాల కొసల ఫొటోలు ఇక్కడ పెడితే ఛానెళ్ళ బోల్టులు ఎక్కడెక్కడ రావాలో గీసి ఇస్తాను. బిగించే ముందు మాత్రం మీ దగ్గరున్న ఇంజనీరు ఎవరైనా ఒకసారి కళ్ళతో చూడాలి.